పక్క సీట్లో మా బావ

ఒక చిన్న ప్రమాదం. పేపర్లో వేస్తే మూడు లైన్లు. నేను డెస్కులో ఉన్న రోజుల్లో అలాంటి వార్త వస్తే, చోటు చాలని పూట పక్కన పడేసేవాణ్ణి. ఆ మూడు లైన్లనే ఇన్నేళ్ళుగా మోస్తూ వచ్చాను.

మీరెవరో నాకు తెలియదు. అది నాకు మేలే. ఊళ్ళో వాళ్ళ సంగతులన్నీ రాసి బతికినవాణ్ణి, నా సంగతి ఒక్కటి రాయడానికి ఎన్నిసార్లు కూర్చుని లేచానో లెక్కలేదు. కూర్చోగానే నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఎవరూ చావలేదు కదా. బావే ముందుకొచ్చాడు కదా. నేను అడగలేదు కదా. నిజమే, అడగలేదు. మరి ఆ రోజు నేను చేసిందేమిటి?

మా చెల్లెలి భర్త నాకంటే వయసులో కాస్త పెద్ద. అందుకని బావ అంటాను. ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు. అప్పట్లో పోర్టులో ఒక కాంట్రాక్టరు దగ్గర క్రేన్ ఆపరేటర్‌గా ఉండేవాడు. అంతకు ముందు చాలాకాలం లారీ తోలాడు. ఎక్కడా ఒక గీత పడనివ్వలేదు. మాట తక్కువ.

ఇక నా కారు. ముందు అద్దం మీద ఎర్ర అక్షరాలతో ‘ప్రెస్’ అని స్టిక్కరు ఉండేది. ఎక్కడ తనిఖీ జరుగుతున్నా ఆ స్టిక్కరు చూసి చెయ్యి ఊపి పంపేసేవారు. అది నాకు రోజువారీ మర్యాద. దానికి అలవాటుపడి, లైసెన్సు అనేది ఒకటి ఉంటుందని, దానికి ఒక గడువు ఉంటుందని మరిచిపోయాను. ఎవరూ చూపించమనలేదు, నేనూ తీసి చూడలేదు.

ఆ రోజు పెందుర్తి నుంచి ఇద్దరం బయల్దేరాం. గాజువాక వైపు మా బంధువుల ఇంట్లో పలకరింపు. నేను నడుపుతున్నాను. బావ పక్క సీట్లో ఉన్నాడు. డెస్కు నుంచి ఫోన్ వచ్చింది. ఒక హెడ్డింగ్ గురించి. చూడకుండా ఉండలేకపోయాను. తల ఎత్తేసరికి ముందు షేర్ ఆటో ఆగి ఉంది. ఒక ముసలావిడ దిగుతోంది.

బ్రేకు వేశాను. ఆలస్యమైంది. ఆటో వెనక భాగం నొక్కుకుపోయింది, నా బంపర్ ఊడి వేలాడింది. ముసలావిడ రోడ్డు మీద పడింది. మణికట్టు విరిగింది. బావే ముందు దిగి ఆమెను లేపాడు. నేను సీట్లోనే కూర్చుని ఇంకా ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాను. ఫోన్లో అవతలి కుర్రాడు “సార్, హెడ్డింగ్ అదే ఉంచేయమంటారా?” అని అడుగుతున్నాడు.

ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్ళి కట్టు కట్టించాం. తర్వాత స్టేషన్. అక్కడ నాకు కుర్చీ వేశారు, టీ తెప్పించారు. ఆటో డ్రైవరు గోడ పక్కన నిలబడ్డాడు, బావ అతని పక్కన. ఆ అమరిక నాకు అప్పుడు వింతగా తోచలేదు. ఏ స్టేషన్‌కు వెళ్ళినా నేను కుర్చీలోనే కూర్చునేవాణ్ణి మరి.

ఆటోకి రిపేరు కావాలన్నా, ముసలావిడకి ఇన్సూరెన్స్ డబ్బు రావాలన్నా కేసు కట్టక తప్పదని చెప్పారు. కట్టమన్నాను, హుందాగా. అప్పుడు రాసుకుంటున్న కానిస్టేబుల్ లైసెన్సు అడిగాడు. పర్సులోంచి తీసి ఇస్తూ నేనే మొదటిసారి ఆ తేదీ చూశాను. అతను ఇంకా చూడలేదు. నా వేళ్ళ మధ్యే ఉంది. చెల్లని లైసెన్సుతో నడిపితే ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెడుతుందని నాకు తెలుసు. అలాంటి వార్తలు నేనే దిద్దాను. అంతకంటే పెద్దది ఇంకొకటి తెలుసు. ‘లైసెన్సు లేని పాత్రికేయుడు’ అన్న మాట పోటీ పేపర్లో ఎంత ముచ్చటగా వేస్తారో.

“బండి ఎవరు డ్రైవ్ సేత్తన్నారు సార్ అప్పుడు?” అన్నాడు కానిస్టేబుల్, కాగితం మీంచి తల ఎత్తకుండానే.

బావ వైపు చూశాను.

అంతే. నేను చేసింది అదే. ఒక చూపు. ఆ చూపులో ఏముందో ఇన్నేళ్ళలో నాకు నేను ఎన్ని రకాలుగానో చెప్పుకున్నాను. కంగారు అన్నాను. అలవాటుగా చూశానన్నాను. కాదు. అడగడానికి సిగ్గుపడే మనిషి అడిగే తీరు అది. బావకి అది అర్థమైంది.

“నానే తోలినాను సార్” అన్నాడు.

కానిస్టేబుల్ తల ఎత్తాడు. “నువ్వా? లైసెన్సుందేటి?”

“ఉంది సార్. హెవీ కూడా ఉంది.” జేబులోంచి తీసి ఇచ్చాడు.

ఆటో డ్రైవరు ఒకసారి నన్ను, ఒకసారి బావని చూశాడు. గుద్దినప్పుడు నేను స్టీరింగ్ ముందు ఫోన్ పట్టుకుని కూర్చోవడం అతను చూశాడు. అతను తల తిప్పుకుని మెల్లగా అన్నాడు. “ఎవులు తోలితే నాకేటి, నా బండి బాగైతే సాలు.”

నా లైసెన్సు మళ్ళీ పర్సులోకి వెళ్ళిపోయింది. టీ చల్లారిపోయింది. అయినా తాగాను.

తిరిగి వస్తూ అన్నాను, “బావా, ఏమనుకోకు...” ఆయన నవ్వాడు. “ఏటవుద్ది బావా, రెండ్రోజులు పోతే ఎవులికి గుర్తుంటాది?” అప్పుడు నేను ఇంకొక మాట అన్నాను. అదైతే నోరు తెరిచి అడిగిందే. “చెల్లాయికి మాత్రం చెప్పకు.” ఎందుకు అడిగాను? ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంటికొచ్చి ఆరా తీస్తే చెల్లెలు తడబడుతుందన్నాను. అసలు కారణం అది కాదు. మా చెల్లెలి కళ్ళలో నేను పెద్దన్నయ్యని. “సరేలే” అన్నాడు బావ.

ఇన్సూరెన్స్ సర్వేయరు గ్యారేజీకి వచ్చాడు. జరిగింది చెప్పమన్నాడు. ప్రమాద వార్తలు రాసి రాసి ఆరితేరిన నోరు నాది. రోడ్డు, ఆటో ఆగిన చోటు, వెలుతురు, బ్రేకు గుర్తులు, అన్నీ ఒక వరసలో చెప్పాను. అతను మెచ్చుకున్నాడు కూడా, ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పరని. అన్నీ నిజాలే. మనిషి ఒక్కడే మారాడు.

బావ అన్నట్టు రెండు రోజుల్లో అందరూ మరిచిపోతే నేను ఇది రాయనక్కర్లేదు. పోర్టు లోపలికి వెళ్ళాలంటే గేట్ పాస్ కావాలి. ఆ పాస్ గడువు తీరితే మళ్ళీ ఇచ్చే ముందు పోలీసు వెరిఫికేషన్ జరుగుతుంది. పేరు మీద కేసు నడుస్తుంటే అది కదలదు. బావది కదల్లేదు. నేను ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేశాను. చాలా మంచి మనిషన్నాను, మా ఇంటి మనిషన్నాను. చెప్పాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను. చివరికి కోర్టులో నేరం ఒప్పుకుంటే జరిమానాతో పోతుందని వకీలు అన్నాడు. బావ చేతులు కట్టుకుని నిలబడి ఒప్పుకున్నాడు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. నా ఒప్పుకోలు నా కళ్ళ ముందే ఇంకొకరు చెప్పేశారు. కేసు పోయేసరికి క్రేన్ మీద ఇంకొకతను కుదురుకున్నాడు. బావ పూర్ణా మార్కెట్లో వాళ్ళ పినతండ్రి కొడుకు ఉల్లిపాయల కొట్లో చేరాడు. అంత ఎత్తున కూర్చుని ఓడల్ని చూసిన మనిషి గోనె సంచుల మధ్య కాటా దగ్గర కూర్చున్నాడు. ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

ఇది మొదటి తప్పు. రెండోది ఇంతకంటే చిన్నదే. కానీ నన్ను ఎక్కువగా తిన్నది అదే.

ఆ ఏడాది మా ఇంట్లో ఒక బారసాల జరిగింది. భోజనాల దగ్గర ఎవరో బావని కారు గురించి అడిగారు. ఆయన తల వంచుకుని పప్పు కలుపుకుంటున్నాడు. జనం ఆయన జవాబు కోసం చూస్తున్నారు. నాకు భయమేసింది. ఆ నిశ్శబ్దాన్ని ఎలాగైనా పూడ్చాలనిపించింది. వార్తలు చదువుతున్నట్టు గొంతు పెట్టి అన్నాను. “అదుపు తప్పిన బావ. ఆటోకు గాయాలు.”

పంక్తి మొత్తం ఘొల్లుమంది. బావ కూడా నవ్వాడు. నేను పెట్టిన హెడ్డింగుల్లో అన్నింటికంటే ఎక్కువ కాలం నిలిచింది అదే. ప్రతి పెళ్ళిలోనూ, ప్రతి ప్రయాణంలోనూ ఎవరో ఒకరు అనేవారు. మా చెల్లెలు దానికి తోక తగిలించింది. “ఈయన సేతికి బండిస్తే ఇంటికి రాం, టేసన్‌కే ఎల్తాం.” మళ్ళీ నవ్వులు. బావ స్టీరింగ్ పట్టడం మానేశాడు. ఎవరూ ఇవ్వలేదు, ఆయన అడగలేదు. నేను ప్రతిసారీ నవ్వాను. అందరికంటే ఒక క్షణం ముందే నవ్వేవాణ్ణి.

ఈ మధ్య వాళ్ళమ్మాయి ఉద్యోగంలో చేరి సొంత కారు కొనుక్కుంది. నా మేనకోడలు. నడపడం నేర్పమని నన్ను అడిగింది. “మీ నాన్న ఉన్నాడు కదమ్మా” అన్నాను. “నాన్నా? వద్దు బాబోయ్! నాన్న నేర్పితే ఎల్ బోర్డు సరిపోదు మావయ్యా, ఎర్ర జెండా కట్టుకోవాలి” అంది. బావ అక్కడే కూర్చుని పేపర్ చదువుకుంటున్నాడు.

ఆదివారాలు పొద్దున్నే పెందుర్తి అవతల లేఅవుట్ రోడ్ల మీద మొదలుపెట్టాం. పిల్ల స్టీరింగ్ దగ్గర, నేను పక్కన, బావ వెనక సీట్లో. ఊరికే వస్తానని వచ్చేవాడు. నేను తప్పు చెప్పినప్పుడు అద్దంలో ఆయన ముఖం చిన్నగా కదిలేది. నోరు మెదిపేవాడు కాదు.

నాలుగైదు వారాలయ్యాక మెయిన్ రోడ్డు ఎక్కాం. ముందు షేర్ ఆటో ఉన్నట్టుండి ఆగింది. పిల్ల కంగారుగా బ్రేకు తొక్కింది. కారు జానెడు దూరంలో ఆగింది. ఊపిరి పీల్చుకుని పకపకా నవ్వింది. “సూసినావా మావయ్యా! అదే నాన్నయితే గుద్దేసుండును!”

వెనక బావ కూడా నవ్వాడు. అద్దంలో చూశాను. నవ్వి, కిటికీ వైపు తిరిగాడు.

ఈసారి నేను ముందుగా నవ్వలేకపోయాను.

“ఆ రోజు గుద్దింది నేను” అన్నాను. “మీ నాన్న ఈ సీట్లో కూర్చున్నాడు.”

ఇంజన్ ఆగిపోయింది. వెనక బస్సు హారన్ కొడుతోంది. ఆటో వెళ్ళిపోయింది.

“ఏటి బావా, ఇప్పుడెందుకది?” అన్నాడు బావ, చాలా నెమ్మదిగా.

పిల్ల వెనక్కి తిరిగింది. నన్ను కాదు, వాళ్ళ నాన్నని అడిగింది. “మరి ఇన్నేళ్ళూ నువ్వెందుకు సెప్పలేదు నాన్నా?”

“మీ మావయ్య సెప్పొద్దన్నాడు.”

కోపం లేదు ఆ మాటలో. క్షమించినట్టూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు, అంతే. నలభై ఏళ్ళ వృత్తిలో నేను అంత పొదుపైన వాక్యం ఎప్పుడూ రాయలేదు.

కారు పక్కకి తీశాక నేనే దిగాను. దిగమని ఎవరూ అనలేదు. వెనక తలుపు తీసి పట్టుకుంటే బావ దిగి ముందుకొచ్చాడు, నేను వెనక కూర్చున్నాను. సీటు వెనక్కి జరుపుకున్నాడు. ఆయన కాళ్ళు పొడుగు. ఇంటికి చేరేదాకా ఒక్క మాటే అన్నాడు. “క్లచ్ మెల్లగా వొదులమ్మా.”

ఆ సాయంత్రం చెల్లెలికి నేనే చెప్పాను. మొత్తం చెప్పాను, ఆ చూపు సంగతి కూడా. అరుస్తుందనుకున్నాను. గిన్నెలన్నీ సర్దింది. తర్వాత అంది. “ఇన్నేళ్ళూ ఆయన్ని సూసి నా సేత కూడా నవ్వించినావు కదన్నియ్యా.”

ఆ రోజు నుంచి చెల్లెలు నాకు ఫోన్ చేయలేదు. చేయాలని నేను ఎదురు చూడటం కూడా న్యాయం కాదు. క్రేన్ తిరిగి రాదు. ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది. వకీలుని అడిగాను, కాగితం రాస్తున్నాను. అందులో మనిషి మారడు.

ఆ తర్వాతి ఆదివారం నన్ను ఎవరూ పిలవలేదు. ఆ పాత కేసు సంగతి తేలేదాకా కారు తీయకూడదనుకున్నాను కాబట్టి కూరగాయలకు నడిచి వెళ్ళాను. రోడ్డు దాటబోతుంటే ఎల్ బోర్డు కారు ఎదురైంది. పిల్ల మెడ నిక్కించి నడుపుతోంది. పక్క సీట్లో బావ. ఒక చెయ్యి గాల్లో ఆడిస్తూ ఏదో చెబుతున్నాడు. ఆయన అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం నేను చూసి ఎన్నేళ్ళయింది! నన్ను చూశాడో లేదో తెలియదు. ఆయన కళ్ళు రోడ్డు మీదున్నాయి.

కారు మలుపు తిరిగే దాకా నిలబడ్డాను. తర్వాత షేర్ ఆటోకి చెయ్యెత్తాను. ఇరుక్కుని కూర్చున్నాను. సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. పక్కన ఉన్నాయన ఏదో జోకు చెప్పాడు, ఆటోలో వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను, అందరూ నవ్విన తర్వాత.