దగ్గుమందు సీసా

పదేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. చదువుతున్న మీకే మొదట చెబుతున్నాను. ఏడుస్తూ రాయడం లేదు కాబట్టి ఓదార్చే పని పెట్టుకోకండి.

పదేళ్ల కిందట, డెబ్భైల చివర్లో, ఆళ్లగడ్డలో నాకు పురుగుమందుల అంగడి ఉండేది. పత్తికి కొట్టే మందునే ఇళ్లలో నల్లులకూ వాడేవాళ్లు. పెద్ద డబ్బా కొనలేనివాళ్లు ఏదో ఒక గిన్నె తెస్తే, డబ్బా విప్పి అందులో కాస్త పోసి ఇచ్చేవాణ్ణి. డబ్బా మీది పుర్రె బొమ్మ గిన్నెలోకి రాదని నాకు తెలియదా? తెలుసు. అందరు అంగళ్లవాళ్లూ అదే చేసేవాళ్లు, కానీ ఆ మాట వెనక నేను దాక్కోను.

సలోమి కూలికి పోయే మనిషి. చదువు రాదు. ఆమె అత్త సుందరమ్మ మాత్రం బడిలో పాఠాలు చెప్పి మానుకున్న మనిషి. అత్త గోస్పాడులో కూతురింటికి పోయినప్పుడు, తిరిగొచ్చేలోగా ఆమె నులకమంచంలో నల్లులు లేకుండా చేయాలని సలోమి మందు కోసం ఇత్తడి చెంబు పట్టుకొచ్చింది. నీళ్లు తాగే చెంబు. నేను పోయనన్నాను. రేపు అందులో ఎవరైనా నీళ్లు తాగితే? ఆ మాత్రం జాగ్రత్త నాకుండేది. బల్ల కింద నా భార్య తాగేసిన దగ్గుమందు సీసా ఖాళీగా కనబడితే అందులో పోసి, మూత బిగించి ఇచ్చాను. కాంపౌండరు అంటించిన చీటీ దాని మీద అలాగే ఉంది. దగ్గుకు, పూటకు ఒక మూత. పీకేయాల్సింది. పీకలేదు. ఇది విషమని ఒక్క మాటైనా అన్నానా? నల్లుల మందు అడిగింది, ఇచ్చాను, ఇంక చెప్పేదేముంది అనుకున్నాను.

మంచానికి పూయగా మిగిలింది సలోమి గూట్లో పెట్టింది. రెండు రోజులకు సుందరమ్మ జలుబూ దగ్గూ పట్టుకుని ఇల్లు చేరింది. కోడలు చేలో ఉంది. ముక్కు మూసుకుపోయి వాసన తెలిసి ఉండదు. చదువొచ్చిన మనిషి, చీటీ చదువుకుని తాగింది. బస్సులో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు. మర్నాటికి పోయింది.

పొరపాటున తాగిందని కేసు మూసేశారు. వీధి నోరు మూయలేదు. కోడలే కావాలని దగ్గుమందు సీసాలో పోసి పెట్టిందన్నారు. సలోమి మొగుడు సీసాతోనూ ఆమెతోనూ నా అంగడికి వచ్చాడు. చుట్టూ జనం.

"అన్నా, ఇది విషమని ఈమెకు చెప్పినావా?"

"ఒకసారి గాదప్పా, రెండుసార్లు చెప్పినా. సీసా గూడా ఆమే తెచ్చుకునింది."

సలోమి నా మొహం వంకే చూసింది. "నేను చెంబు తెచ్చినా గదన్నా."

"యాడి చెంబు?" అన్నాను.

అంతే. ఆ వారమే మొగుడు ఆమెను చాగలమర్రిలో పుట్టింట్లో వదిలేసి వచ్చాడు. మళ్లీ పిలుచుకోలేదు.

ఎందుకన్నాను? భయం. అంగడి మూయిస్తారని, ఊరు ఉమ్మేస్తుందని. ఆ తర్వాత చిల్లరగా పోయడం మానేశాను. మందు ఎవరు కొన్నా, పిల్లలకు అందకుండా పెట్టమనీ, వేరే సీసాలోకి వంచొద్దనీ, ఖాళీ డబ్బాకు చిల్లు పొడిచి పూడ్చమనీ విసుగొచ్చేదాకా చెప్పాను. జాగ్రత్త గల మనిషన్నారు. చెప్పింది మంచి మాటే, దానికి సిగ్గుపడను. ఆ పేరు ఒక ఆడమనిషి పేరు చెడగొట్టి తెచ్చుకున్నానని తెలిసీ నోరు మూసుకున్నందుకు సిగ్గుపడతాను.

రెండుసార్లు చాగలమర్రి బస్సెక్కి ఊరు రాకముందే దిగిపోయాను. ఇప్పుడు తవ్వి ఏం లాభం అని మీరు అంటారేమో. నా లాభం సంగతి ఎవరికి కావాలి? క్షమించమని ఆమెను అడగను, ఆ బరువు కూడా ఆమె మీద పెట్టే హక్కు నాకు లేదు. నా పేరు రాయలేదు గానీ ఆ వీధివాళ్లు చదివితే నేనెవరో తెలిసిపోతుంది. తెలియనీ. ఆమెకు చదువు రాదు, ఎవరైనా చదివి వినిపిస్తారు.

ఆమె చెంబు తెచ్చింది. ఇత్తడిది, అంచు దగ్గర చిన్న సొట్ట. నేను చూశాను.