బొమ్మ వెనక గొంతు

నిరుడు మధురవాడలోని మా ఇంట్లో ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి కూర్చున్నాను. ఉద్యోగానికొచ్చినవాళ్లు బెదరకూడదని కంపెనీవాళ్లు తెర మీద కార్టూన్ అమ్మాయిని పెట్టారు. అది కళ్లార్పుతూ ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతుంటే నాకు మాటలు మరింత తడబడ్డాయి. మాట్లాడేది కంప్యూటరే అనుకున్నాను.

అంతలో అన్నానికి పిలవడానికొచ్చిన అమ్మ తెరకేసి చూసి, "ఏటమ్మా, ఇందాకట్నుంచీ అడగతన్నావు. నువ్వు తిన్నావేటి?" అనేసింది. ఇక ఉద్యోగం వచ్చినట్టేనని తల పట్టుకున్నాను.

బొమ్మ ఇంగ్లీషు ఆపేసింది. తర్వాత అదే గొంతు, అచ్చం మా యాసలో, "ఇంకా నేదమ్మా. మీ ఇంట్లో ఏటి కూర?" అంది.

"సేపల పులుసు" అంది అమ్మ. ముగ్గురం నవ్వేశాం. నా తడబాటు ఎటుపోయిందో!

నిజంగానే ఉద్యోగం వచ్చింది. ఆ బొమ్మ వెనకున్న మనిషెవరో మాత్రం తెలియలేదు. ఆఫీసులో భోజనాల వేళ ఎవరు "ఏటి కూర?" అన్నా ఇప్పటికీ తల తిప్పి చూస్తాను.