కొండకు పేరు తెలిసిన రోజు

మా బావమరిది పోయాడు. మొన్న మొదటి బస్సుకు కదిరికి వచ్చిన వాళ్ల ఊరి మనిషి ఆ మాట చెప్పేసరికి, నేను మూడు నెలల మనవణ్ణి భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతున్నాను. "రాత్రి సంగటి తిని పండుకున్నాడన్నా, పొద్దున లేయలేదు" అన్నాడతను. పిల్లవాణ్ణి ఎక్కడ జారవిడుస్తానోనని గోడకు ఆనుకున్నాను. అంత దుఃఖంలోనూ నాకు ముందు పుట్టింది భయమే. నా భయాలను చూసి బతికినన్నాళ్లూ నవ్విన మనిషి, ఉండి ఉంటే అప్పుడూ నవ్వేవాడు.

నేను ఐదో తరగతి చదివి, శెనక్కాయల మిల్లులో పనిచేసినవాణ్ణి. పెద్ద మాటలు రావు. కానీ ఈ ముసలితనంలో నాకు ఎంత సంతోషముందో చెప్పకుండా ఉండలేను. కూతురుంది, అల్లుడున్నాడు, నా భుజం నిండా పాలవాసన ఉంది. ఇందులో సగం మా బావమరిది పెట్టిన భిక్షే.

మాకు మొదట పుట్టిన ఇద్దరు మగపిల్లలూ పాలు మరవకముందే పోయారు. నాకు నలభై దాటాక ఆడపిల్ల పుట్టింది. ఆమెను గడప దాటనివ్వలేదు. బడికి కూడా చంకనెత్తుకునే పోయేవాణ్ణి. దాంతో ఆ పిల్ల కాకిని చూసినా జడిసేది. ఆమెకు ఏడేళ్లప్పుడు మా బావమరిది వచ్చి చూశాడు.

"ఏం బావా, బిడ్డను ఊరగాయ మాదిరి జాడీలో పెట్టినావే? సద్ది కట్టుకోండి. దానికి మా ఊరి కొండ చూపిస్తా" అన్నాడు.

"ఆ కొండలో ఎలుగుబంట్లు ఉండాయంట గదప్పా."

"ఉండాయి. అవి మా అక్క మాదిరి కాదులే, ఊరికే మీద పడవు."

స్వాతంత్ర్యం వచ్చి నాలుగైదేళ్లయిన రోజులవి. వానలు లేవు. ఆ తర్వాత తరచూ బొగ్గుతో నడిచే బస్సెక్కి కొండ కింది ఆ పల్లెకు వెళ్లేవాళ్లం. అక్కడ ఆయనకు రెండెకరాల మెట్ట, కొన్ని మేకలు ఉండేవి. కొండెక్కేటప్పుడు ముందు ఆయన, వెనక పిల్ల, తర్వాత నా భార్య, చివర నేను. నెమళ్లను చూపించేవాడు, బండ మీద ఎండకాగే ఉడుమును చూపించేవాడు. ఎలుగు తవ్విపోయిన చెదపుట్ట కనబడితే నేను ఆగిపోయేవాణ్ణి. "ఇది ఎప్పటిది?" అంటే "మూన్నాళ్లదిలే బావా" అనేవాడు. తవ్విన మన్ను ఇంకా తడిగానే ఉండేది. ముందువాళ్లకు ఇంకొంచెం దగ్గరగా నడిచేవాణ్ణి.

ఎండిన వంకలో ఇసుక తోడి చెలమ చేసేవాడు. మేం తాగాక ఒక పక్క గట్టును చేత్తో వాలుగా తీసేవాడు. "కుందేళ్లు దిగి మళ్లా ఎక్కల్ల గదా" అనేవాడు.

కొండ మీద ఎవరినీ పేరుతో పిలవకూడదన్నది వాళ్ల పల్లె కట్టుబాటు. "మన పేర్లు కొండకు తెలపగూడదు పాపా. తెలిస్తే అది పిలుస్తాది. ఎవురు పేరు పెట్టి పిల్చినా పలకొద్దు. కూ అంటేనే పలుకు" అని నేర్పాడు. పిల్ల తలూపింది. నేను చెవిన పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన చెలమకు వెళ్లాడు. నా భార్య సద్ది విప్పుతోంది. అంతలో, రేగుపండ్లు కోస్తున్న పిల్ల కనబడలేదు. పొదల అవతల అప్పుడే తవ్వినట్టున్న పుట్ట ఉంది. పేరు పెట్టి పిలిచాను. గొంతు బొంగురుపోయేదాకా పిలిచాను. ఆ పేరు బండలకు తగిలి నా దగ్గరికే తిరిగొచ్చింది. ఇంకే అలికిడీ లేదు. నా భార్య ఉన్నచోటే కూలబడింది. ఇద్దరి తర్వాత మూడో బిడ్డ కూడా పోయిందనే అనుకున్నాను.

ఆయన ముంతతో వచ్చాడు. "ఎందుకు బావా అట్లా అరుస్తాండావు?"

"పాప లేదప్పా."

"పేరు పెట్టి పిలిస్తివా?"

ఆయన ముంతను కింద పెట్టి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని "కూ" అన్నాడు.

"కూ" అని పక్క బండ వెనకనుంచే వినబడింది. మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఒడినిండా పండ్లు.

"మామా, కొండ నన్ను పిలిచినాది. అచ్చం నాయన గొంతుతోనే పిలిచినాది. నేను పలకలే" అంది గర్వంగా.

కాకికి జడిసే పిల్ల, ఆ పిలుపుకు జడవకుండా కూర్చుంది.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. వెంటనే ఇంకో భయం పట్టుకుంది. "అన్నిసార్లు పేరు చెప్పేస్తిని గదప్పా. ఇప్పుడెట్లా?"

ఆయన ముంత తీసి నా చేతికిచ్చాడు. "చెప్తే చెప్తివిలే. ఇంగ మన బిడ్డేనని దానికి తెలిసె. అదే చూసుకుంటాది" అన్నాడు.

ఆ మాట అప్పటికప్పుడు కల్పించాడని నాకు తెలుసు. అయినా పిల్లకు జ్వరం వచ్చినప్పుడూ, పెద్దయ్యాక ఆమె కాన్పు కష్టమైన రోజునా ఆ మాట పట్టుకునే నిలబడ్డాను.

దిగేటప్పుడు పిల్లను తను ఎత్తుకోలేదు. తెచ్చి నా భుజాల మీద కూర్చోబెట్టాడు.

"నువ్వే మోయి బావా. నీ కాళ్లు ఇంకా వణుకుతాండాయి. బరువుంటే నిలబడతాయి."

నిజంగానే నిలబడ్డాయి. పిల్ల నా తల మీద చెంప ఆనించి నిద్రపోయింది. పండ్లరసం కలిసిన చొంగ నా మెడ మీదికి జారింది. ఎర్రటి సాయంత్రంలో ఆయన మాకు ముందు నడుస్తూ, దారికి అడ్డంగా వాలిన ముళ్లకొమ్మలను చేతికర్రతో ఎత్తి పట్టుకుని, మేం దాటేదాకా నిలబడి, మళ్లీ ముందుకు పోతున్నాడు.