ఇంక్యుబేటర్ తలుపు తట్టే మేడమ్

మా ల్యాబ్ మేడమ్ ఇక లేరని నిన్న పొద్దున ఫోనొచ్చింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. అప్పుడు నేను కె.ఆర్.పురం దాటి హొసకోటె వెళ్తున్న కంపెనీ బస్సులో ఉన్నాను. నిజం చెప్పొద్దూ, ఏడుపుకంటే ముందు నాకు భయం వేసింది. ఆవిడ ఇంక్యుబేటర్‌లో పెట్టి వెళ్లిన బ్యాక్టీరియా పరీక్ష ప్లేట్లను ఇక నేనొక్కణ్ణే తెరవాలి.

మాది పసిపిల్లల రాగిజావను కప్పుల్లో నింపే ఫ్యాక్టరీ. నింపే ముందు ఖాళీ కప్పులూ మూతలూ ప్లాస్మా యంత్రంలోంచి వెళ్తాయి. గాలిలోకి కరెంటు వదిలితే ఊదారంగు వెలుగు పుడుతుంది, అది తగిలినచోట బ్యాక్టీరియా చస్తుంది. నీళ్లక్కర్లేదు, ప్లాస్టిక్ వేడికి వంకరపోదు. యంత్రం వచ్చిన రోజు మేమంతా ఎగబడి ఆ వెలుగును ఫొటోలు తీసుకుంటుంటే, మేడమ్ మాత్రం ఓ మూత తిరగేసి అంచు మడతను వేలితో తడుముతున్నారు.

"అంతా బాగుండాది గానీ, ఈ సందులోకి ఆ వెలుగు పోతాదా అప్పా?"

ఎవరికి తెలుసు! మేడమే ప్రమాదం లేని పరీక్ష బ్యాక్టీరియాను ఆ మడతలోనే పూసి, మూతలను యంత్రంలోంచి పంపించారు. తర్వాత అక్కడ దూదితో తుడిచి, ప్లేట్ల మీద రాసి, ఇంక్యుబేటర్‌లో వెచ్చగా ఉంచారు. బతికున్నది ఏదైనా ఉంటే చుక్కలుగా పెరుగుతుంది. పెరిగింది. ప్లేటు నిండా సగ్గుబియ్యం చల్లినట్టు! అప్పుడప్పుడే మా పాప జావ తాగడం మొదలుపెట్టింది.

ఆ తర్వాతే మూతలను తిరగేసి రెండోసారి పంపడం మొదలైంది. ప్రతి లాటుకూ మడత పరీక్ష తప్పనిసరి అయింది. "ఎందుకు మేడమ్ ఇంత భయం?" అని మేనేజర్ నవ్వితే, "భయం ఉండాది కాబట్టే నాకు జీతమిస్తా ఉండారు" అనేవారు.

ఇంక్యుబేటర్ తీసే ముందు వేలి కణుపుతో తలుపు తట్టడం ఆవిడ అలవాటు. "లోపల ఎవరుండారో మనకేం తెలుసప్పా? చెప్పకుండా పోతే మర్యాద కాదు." నేను నవ్వేవాణ్ణి. ఓసారి దగ్గర్నుంచి చూస్తే ఆ వేళ్లు వణుకుతున్నాయి. ఇన్నేళ్ల అనుభవం ఉన్న మనిషికి! అప్పటినుంచి నా భయానికి నేను సిగ్గుపడటం మానేశాను. అందుకు ఆవిడకి ఎంతో రుణపడ్డాను, ఆ మాట మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న అంత్యక్రియల నుంచి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర సరుకు కోసం లారీ వచ్చి ఉంది. ప్లేట్ల ఫలితం ఇవాళ్టికి గానీ తేలదు. "లైట్ బాగానే వస్తోంది కదండీ, ఈ ఒక్కసారికి లోడ్ చేసేద్దాం" అన్నాడు మేనేజర్.

"లేదు సార్. నాకు భయంగా ఉంది. రేపు చూశాకే."

"లేటైతే కస్టమర్‌కి మీరే చెప్పుకోవాలి."

"చెప్పుకుంటాను."

ఇవాళ పొద్దున ల్యాబులో ఆవిడ తెల్లకోటు కొక్కేనికి అలాగే వేలాడుతోంది. అద్దం అవతల ఊదా వెలుగు, ఎప్పటిలాగే అందంగా. ఇంక్యుబేటర్ ముందు నిలబడ్డాను. చెయ్యి ముందుకు పోదే! చివరికి వేలి కణుపుతో మెల్లగా తలుపు తట్టాను. లోపల ఎవరూ ఉండకూడదు దేవుడా, అనుకుంటూ పిడి పట్టుకున్నాను.