ఒడ్డు గోడలో కాపురాలు

పెనుమూడి దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న కాలిబాటను కాపాడే పని మా గుంపు నెత్తిన వేసుకుని చాలా కాలమైంది. గుంపంటే పెద్దగా ఏమీ లేదు. రేపల్లె నుంచి నాలాంటి ఇల్లాళ్ళు కొందరు, తెనాలి నుంచి పొద్దుటి రైలుకు వచ్చే రిటైరైన మాస్టారు ఒకరు, పెనుమూడిలో పడవలు నడుపుకునే కుటుంబాల వాళ్ళు మరికొందరు. ఆదివారం వస్తే సర్కారు తుమ్మ కొట్టడం, ప్లాస్టిక్ ఏరడం, గుంతలు పడ్డచోట మట్టి వేయడం. మా ఆయనకు మాత్రం ఇదంతా వేళాకోళం.

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఏటి ఒడ్డున నడవడానికి సంఘం ఏంటే?" అనేవారు.

"ముందు మీ పొట్టకే కావాలి ఆ నడక" అనేదాన్ని. నేను ఊరుకునే రకం కాదు.

మా అరటితోట పక్కన ఆ బాట ఏటికి మరీ దగ్గరగా పోతుంది. అక్కడ ఒడ్డు నిలువు గోడలా తెగి ఉంటుంది, ఏటా కొంత నీళ్ళలోకి జారుతుంది. వరద రాకముందే దాన్ని చెక్కి వాలుగా చేయకపోతే బాట ఏట్లో కలిసిపోతుందని అందరం తేల్చుకున్నాం. అనుమతి కోసం ఆఫీసు చుట్టూ తిరిగింది నేనే, పొక్లెయిన్ మాట్లాడింది నేనే. "వచ్చే ఏడు చూద్దాంలే అక్కా" అని ఎవరైనా అంటే కయ్యిమని లేచేదాన్ని.

ఇంకో వారంలో మిషను వస్తుందనగా, ఆదివారం పని ముగించుకుని ఒడ్డు అంచున కాళ్ళు వేలాడేసి టీ తాగుతున్నాను. నా కాళ్ళ కింద నుంచి ఏదో సర్రున దూసుకుపోయింది. ఆకుపచ్చ ఒళ్ళు, నీలం తోక. వెనకే ఇంకొకటి. టీ పక్కన పెట్టి, బోర్లా పడుకుని కిందికి తొంగి చూశాను.

గోడ నిండా బొరియలు. ఎదురెండ పడి ఆ ఇసకమట్టి పసుపు పూసిన గడపలా మెరుస్తోంది. పిట్టలు ముక్కున తూనీగలు పట్టుకొచ్చి లోపలికి దూరుతున్నాయి, ఖాళీ ముక్కులతో బయటకొచ్చి మళ్ళీ ఏటి మీదికి పోతున్నాయి. ఇన్ని బొరియల్లో ఏ పిట్టా తన ఇల్లు తప్పడం లేదు. చెవి నేలకు ఆనిస్తే లోపల పిల్లల సందడి సన్నగా వినిపించింది. ఇంతకాలం ఇన్ని కాపురాల నడినెత్తిన గునపాలు పట్టుకుని తిరిగామన్నమాట.

అందరినీ పిలిచాను. ఒకరి పక్కన ఒకరం పడుకుని చూశాం. "ఏటా ఈ గోడకే వస్తాయండి" అంది పడవల వాళ్ళ అమ్మాయి. అంటే పిల్లలు ఎగిరిపోయాక చెక్కుదామన్నా, వచ్చే వేసవికి వాటికి ఇల్లుండదు. మిషను వద్దనుకుంటే బాట పోతుంది. "బాటనే లోపలికి జరపాలమ్మా" అన్నారు మాస్టారు. అందరూ మా అరటితోట వైపు చూసి, తర్వాత నా వైపు చూశారు.

మా ఆయన సంగతి వాళ్ళకు తెలుసు. జానెడు గట్టు కోసం సొంత అన్నతో మాటలు మానేసిన మనిషి. పక్కపక్క తోటల్లోనే ఉంటారు, ఎదురుపడితే చెరోవైపు చూస్తారు. మా బావగారి ప్రస్తావన తప్పనిసరైతే "ఆ పక్కచేనాయన" అంటారు. అలాంటి మనిషిని నేల అడగాలి. నోరున్నదాన్నే అయినా ఆ సాయంత్రం నేల మాట ఎత్తలేదు.

"రేపొకసారి తోటకొస్తారా అండి?" అని మాత్రం అన్నాను.

పొద్దున్నే వచ్చారు. పడుకుని చూడమంటే "ఈ వయసులో ఇదేం పనే" అని గొణుగుతూనే పొట్ట నేలకానించి తల వంచారు. ఆ తర్వాత లేవరే! నా కాఫీ కూడా ఆయనే తాగారు, చూపు మాత్రం తిప్పలేదు. ఇంకో వారంలో మిషనొచ్చి ఈ గోడ చెక్కేస్తుందని చెప్పాను. చివరికి లేచి, చొక్కా దులుపుకోకుండానే తోటలోకి నడిచి, అరటి వరుసల మధ్య కాలితో గీత గీశారు.

"బాటకి ఇక్కడిదాకా తీసుకోండి."

"గెలలేసిన చెట్లండీ" అన్నాను. అడగడానికి వచ్చినదాన్ని నేనే అడ్డుపడుతున్నాను.

"తెలుసులేవే. నేను పెట్టినవేగా."

మళ్ళీ ఒడ్డు దగ్గరికొచ్చి నిలబడ్డారు. పిట్టలు వస్తున్నాయి, పోతున్నాయి. అవతలి తోటలో మా బావగారు నీళ్ళు మళ్ళిస్తున్నారు.

"ఇవి ఎగిరిపోయేలోపు అన్నయ్యకి చూపించు" అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. "నువ్వు పిలిస్తే వస్తాడు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. "నేను పిలవను. మీరే పిలవండి" అన్నాను.

ఆయన అప్పుడు చొక్కా దులుపుకున్నారు. తర్వాత వెళ్ళి ఆ జానెడు గట్టెక్కి, గొంతు సవరించుకుని, "అన్నయ్యా, ఒకసారి ఇటు రా" అని పిలిచారు.