మట్టి చెంప మీద వేలిముద్ర

పని కోసం పాలకుర్తి నుంచి మహబూబాబాద్ వచ్చి, రైలు పట్టాల దగ్గర ఒక గది తీసుకున్నాను. పక్క గదిలో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. రంజాన్ నాడు స్టీలు గిన్నెలో షీర్ కుర్మా తెచ్చి ఇచ్చింది. ఆ ఊళ్లో నా తలుపు తట్టిన మొదటి మనిషి ఆమే.

తిని, గిన్నె కడిగి, కిటికీలో పెట్టాను. అది అక్కడే ఉండిపోయింది. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని మా అవ్వ నేర్పింది. నేనేమో హోటల్లో తినేవాణ్ణి. నా పొయ్యి మీద చాయ్ తప్ప ఏదీ కాగేది కాదు. ఆమె ఎదురైతే తల వంచుకుని పోయేవాణ్ణి. రోజులు గడిచేకొద్దీ ఆ తలుపు దూరమవుతూ వచ్చింది.

వాన కురుస్తున్న ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్లో ఒక సినిమా చూశాను. బొమ్మల సినిమానే, కానీ పెద్దల కోసం తీసింది. మట్టితో చేసిన నడివయసు మనిషి ఒకడు నగరంలో ఒంటరిగా ఉంటాడు. మెట్ల మీద అడుగుల చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడతాడు. అడుగులు అతని తలుపు దగ్గర ఆగవు. మళ్లీ కూర్చుంటాడు. సినిమాలోని వాన, బయటి వాన కలిసిపోయి, నా గది కూడా ఎవరో అట్టతో చేసి పెట్టినట్టు అనిపించింది.

ఇలాంటి సినిమా ఎలా తీస్తారో నాకు తెలుసు. చదువు పదితో ఆగినా, జనగామ గ్రంథాలయంలో బల్ల మీద కనబడిన ప్రతిదీ చదివినవాణ్ణి. బొమ్మను వెంట్రుకవాసి జరిపి ఒక ఫోటో తీస్తారు, మళ్లీ జరిపి ఇంకొకటి. అవి వరుసగా నడిస్తే బొమ్మ కదులుతుంది. చదివినప్పుడు అదొక ఉపాయం అనుకున్నాను, అంతే. ఆ రోజు మట్టిమనిషి చెంప మీద వేలిముద్ర కనిపించింది. అతడు కన్నెత్తే ముందు ఎవరిదో చెయ్యి వచ్చి ఆ కన్ను ఎత్తింది. కన్నీరు తుడుచుకునే ముందూ వచ్చింది. ఫోటోకూ ఫోటోకూ మధ్య వచ్చి, మనకు కనబడకుండా వెళ్లిపోయింది. అంత ఒంటరివాణ్ణి అన్నిసార్లు ముట్టుకున్నారు.

వాన తగ్గగానే పచ్చి పల్లికాయ కొనుక్కొచ్చి ఉడకబెట్టాను. గిన్నె నింపి పక్క తలుపు తట్టాను.

"ఏంది బేటా, గిన్నె ఇయ్యనీకి బక్రీద్ గూడ దాటిపాయె! మా ఇల్లేమన్న బొంబైల ఉన్నదా?"

"ఖాళీ గిన్నె ఎట్ల ఇయ్యాలె ఖాలా? నాకు వండరాదు."

ఆమె ఒక కాయ ఒలిచి నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"గిది పల్లికాయనా, ఉప్పు బస్తానా? నేన్ నేర్పిస్త తియ్. లోపటికి రా, జర కూసో."

నేను గడప బయటే నిలబడ్డాను. ఆమె నా మణికట్టు పట్టుకుని, వేడి గిన్నెతో సహా, మెల్లగా లోపలికి జరిపింది.