నేను గీసిన గిన్నె

నా చిన్నప్పుడు మా సంఘంలో అందరం ఒకే గిన్నెలో తాగేవాళ్ళం. నెలకొకసారి, ప్రభువు బల్ల ఉన్న ఆదివారం, ద్రాక్షరసం పోసిన స్టీలు గిన్నె మొదటి వరస నుంచి చివరి వరస దాకా చేతులు మారుతూ వెళ్ళేది. దానికి అటొకటి ఇటొకటి రెండు పెద్ద పిడులుండేవి. నా కంటికి అవి గాడిద చెవుల్లా కనిపించేవి. ఆ గిన్నెను చేసింది మా తాతయ్యే. భిలాయి ఉక్కు ప్లాంటు మొదలైన రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వెల్డరుగా చేరాడు. సెక్టర్ 7లో మా మందిరం ఇంకా రేకుల పాకగా ఉన్నప్పుడు ఆ గిన్నెను తన చేతులతో అతికించాడు. నేను పుట్టేసరికే అది అక్కడ ఉంది కనుక, అంతకు ముందు ఏముండేదో అడగాలని నాకెప్పుడూ తోచలేదు.

అవి తొంభైల మొదటి సంవత్సరాలు. నాకు పన్నెండేళ్ళు. ఆ వానాకాలం మా వీధిలో పీలియా వచ్చింది. కామెర్లని మేం ఇంట్లో కూడా పీలియా అనే అనేవాళ్ళం. సంఘంలో ఇద్దరు పిల్లలు ఆసుపత్రిలో పడ్డారు. ఆ నెల బల్ల దగ్గర గిన్నె తన వరసకు రాగానే ఒక తల్లి తన పిల్లను ఒళ్ళోకి లాక్కుని, తాను తాగకుండానే పక్కవాళ్ళకు ఇచ్చేసింది. మరుసటి నెల సగం మంది బల్ల మొదలు కాకముందే లేచి వెళ్ళిపోయారు. ప్రభువు బల్ల దగ్గర నుంచి విశ్వాసులు లేచి వెళ్ళిపోవడం నేను అంతకు ముందు చూడలేదు. మేం అయ్యగారు అని పిలిచే మా పాస్టరు రొట్టె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయారు. గిన్నె మారకపోతే సంఘం విరిగిపోతుందని అందరికీ అర్థమైంది.

నాకు బొమ్మలు వేస్తానన్న పేరుండేది. లేఖనాల్లో దేవుని గుడారం కట్టే అధ్యాయాలు వచ్చినప్పుడు తక్కిన పిల్లలు ఆవలించేవాళ్ళు. నాకు మాత్రం అవే ఇష్టం. ఇన్ని మూరలు, ఇన్ని ఉంగరాలు, మోతకర్రలు ఫలానా చోట ఉండాలి అని దేవుడే కూర్చుని చెప్పాడంటే, ఆయనకు గీతలంటే ప్రేమ ఉందని నమ్మేదాన్ని. ఇప్పటికీ నమ్ముతాను. అందుకని ఒక పూట ఉపవాసం ఉండి, మోకరించి ప్రార్థన చేసి, కొత్త గిన్నె బొమ్మ గీశాను. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒక పక్క నుంచి వంకర తిరిగిన పొడవైన ముక్కు వస్తుంది. పైనుంచి వంచి పోస్తే రసం నోట్లో పడుతుంది, పెదవి ఎవరిదీ తగలదు. స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు చూసి "బహుత్ సుందర్ బనాయా, బేటీ" అని మెచ్చుకున్నారు. ఆ గీత నా చేత దేవుడే గీయించాడని నాకు అనుమానం లేదు.

సంఘ కూటంలో ఆ బొమ్మను అందరికీ చూపించారు. మా సెక్రటరీ గారు కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. ఆయనదీ మా తాతయ్య వైపు ఊరే. పొలాలున్న కుటుంబం. భిలాయి వచ్చాకనే క్రీస్తు విశ్వాసంలోకి వచ్చారు. "బాగుందమ్మా. ఒకరినొకరు ముట్టుకునే పనే లేదు. శుభ్రం" అన్నారు. చప్పట్లు కొట్టారు. మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. తాతయ్య ఒక్కడే కదలకుండా కూర్చున్నాడు.

ఇంటికి వచ్చే దారిలో అడిగాడు. "ఈ ముక్కు నీకెలాగ తోసింది గుంటా?"

"ప్రార్థన చేశాను తాతయ్యా."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ఏడాదే ఆయన రిటైరయ్యాడు. నాలుగు రోజులు పెరట్లో రేకు కత్తిరిస్తూ, అతికిస్తూ కూర్చున్నాడు. నా గిన్నెనే చేస్తున్నాడని తెలిసి నేను స్నేహితురాళ్ళకు కూడా చెప్పుకున్నాను. శనివారం పొద్దున పిలిచాడు. రేకుతో చేసిన నా గిన్నె, ముక్కుతో సహా, నా గీతకు వెంట్రుకవాసి తేడా లేకుండా ఆయన చేతిలో ఉంది. నిండా నీళ్ళున్నాయి. నేను చేతులు చాపాను.

"కింద కూకో" అన్నాడు.

ఆయన గుమ్మం మెట్టు మీద నిలబడ్డాడు. నన్ను మోరీ కాలువ పక్కన నేల మీద కూర్చోమన్నాడు. చెప్పులు విప్పించాడు. దోసిలి పట్టమన్నాడు. ఇదేదో ఆట అనుకుని నవ్వుతూ పట్టాను. అంత ఎత్తునుంచి నీళ్ళు పోశాడు. సగం దోసిట్లో పడ్డాయి, సగం గడ్డం మీద, ముక్కులోకి, గౌను లోపలికి. ఉక్కిరిబిక్కిరై ముక్కు కొస పట్టుకోబోయాను. చటుక్కున గిన్నె పైకి లాగేసుకున్నాడు.

"తాకకు."

మా తాతయ్య నన్ను ముద్దుగా గుంటా అని తప్ప పిలిచేవాడు కాదు. అన్నం తినకపోతే కథలు చెప్పి తినిపించే మనిషి. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియలేదు. మళ్ళీ పోశాడు. నేను తాగలేదు. ఏడుపు కూడా రాలేదు. పక్క క్వార్టర్ దీదీ గోడ మీదుగా తొంగి చూసి "బాబా, బచ్చీ కో క్యా కర్ రహే హో?" అంటూ, పిల్లనేం చేస్తున్నారని అడిగింది. తాతయ్య గిన్నె ఖాళీ అయ్యేదాకా పోసి, అప్పుడు మెట్టు దిగి వచ్చి, నా పక్కన ఆ బురదలోనే కూలబడ్డాడు.

"నాకు ఇరవై ఏళ్ళొచ్చేదాకా ఇలాగే తాగినాను" అన్నాడు. "పెద్దోళ్ళ పెరట్లో. పనంతా అయినాక, ఎండలో. నీకు కొత్తగా తోసిందనుకున్నావు. ఈ ముక్కెంత పొడుగుండాలో నేను కొలవకుండా సెప్తాను. పోసినోడి సెయ్యి మన సేతికి తగలనంత."

నా గిన్నెలో నేను ఎంతో ఇష్టపడి గీసిన ముక్కు అది. దాన్ని నాకంటే ముందు ఎవరో వేరే అవసరం కోసం గీసి ఉంచారన్న సంగతి నా బుర్రకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. నేను భిలాయిలో పుట్టాను. మా వీధిలో కుళాయి అందరిదీ. మా వాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చారో చెప్పేవాళ్ళు కానీ, ఎందుకు వచ్చేశారో ఎవరూ చెప్పలేదు. అప్పుడు పాత గిన్నె సంగతి చెప్పాడు. ఇచ్చేవాడు ఒక పిడి పట్టుకోవాలి, పుచ్చుకునేవాడు రెండోది పట్టుకోవాలి. ఇద్దరూ ఒక్క క్షణమైనా కలిసి పట్టుకోకుండా అది చేతులు మారదు. నేను గాడిద చెవులని నవ్వుకున్నవి ఆయన అందుకోసం అతికించినవి.

నన్ను ఎక్కువగా కుదిపేసింది ప్రార్థన. మోకరించి, కడుపు మాడ్చుకుని అడిగితే దేవుడు నా చేత ఇదా గీయించాడు? ఆయన జేబులోంచి బొమ్మను లాక్కుని చింపబోతే తాతయ్య చెయ్యి పట్టుకున్నాడు. "సింపకు. పుస్తకంలో అంటించు. దాని పక్కన ముందున్నవన్నీ గియ్యి. రోగం అబద్ధం కాదు, గిన్నె కావాలి. కానీ ముందు ఏటుందో సూసి గియ్యి. దేవుడు సెయ్యి ఇచ్చినాడు, అడిగి తెలుసుకోడానికి నోరు కూడా ఇచ్చినాడు కదా."

అలా నా మొదటి పాఠం మొదలైంది. సంఘంలోని ముసలివాళ్ళ ఇళ్ళకు నోటుబుక్కు పట్టుకుని తిరిగాను. ఎవరు దేనిలో తాగేవారు, దాన్ని ఎక్కడ ఉంచేవారు, ఎవరు కడిగేవారు అని అడిగేదాన్ని. కొందరు లేచి లోపలికి వెళ్ళిపోయారు. తాతయ్యకు మేనత్త వరస అయ్యే మామ్మ ఒకామె నందిని గనుల కాలనీలో ఉండేది. బస్సులో ఆమె దగ్గరకు తాతయ్యే నన్ను తీసుకువెళ్ళాడు. టీ కొట్టు చూరుకు తమ కోసం వేలాడదీసిన కొబ్బరి చిప్ప గురించి ఆమె చెప్పింది. తాగినవాళ్ళే కడిగి మళ్ళీ చూరుకే తగిలించాలి. నేను గీస్తుంటే ఆమెకు నవ్వొచ్చింది.

"దానికి బొమ్మేటే బొట్టీ, అదేమన్నా సోకైన సామానా?" అంది. కాసేపు చూసి, "నున్నగా గియ్యి. నా మొకం కంటే ఆ సిప్పే నున్నగుండేది" అంది. నేను నవ్వలేకపోయాను.

ఆ తర్వాత కొత్త గిన్నె కోసం ఎన్ని కాగితాలు పాడు చేశానో. పళ్ళెంలో చిన్న గిన్నెలు పేర్చి ఎవరిది వాళ్ళు తీసుకునేలా ఒకటి గీశాను. తాతయ్య చూసి, "బాగుంది. ఇందులో పక్కోడెక్కడున్నాడు?" అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాను. చివరికి గీసినది చూడడానికి ఏమీ లేదు. బొటనవేలంత స్టీలు గిన్నె. పిడి లేదు, కాడ లేదు. ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుంటే వేళ్ళు తగలక తప్పనంత చిన్నది. మనిషికొకటి, మరిగే నీళ్ళలో కడిగినది. ఎవరిది వాళ్ళు తీసుకోకూడదు. పక్కవాళ్ళకు తీసి ఇవ్వాలి, పక్కవాళ్ళు ఇచ్చినది తాగాలి.

రెండో కూటంలో సెక్రటరీ గారు కొంచెం విసుక్కున్నారు. "మొన్నటిది అందరికీ నచ్చింది కదమ్మా. మళ్ళీ ఇదేటి?" అన్నారు. నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను. మొదటి పేజీలో నా గిన్నె. రెండో పేజీలో తాతయ్య చెప్పగా గీసిన ఊరి చెంబు, ముక్కుతో. మూడో పేజీలో కొబ్బరి చిప్ప. ఆయన రెండో పేజీ దగ్గరే ఆగిపోయారు. ఎంతసేపు ఆగారంటే, వెనక వరసలో వాళ్ళు ఏమైందని లేచి చూశారు.

"ఇది మా పెరటి గోడ మీద ఉండేది" అన్నారు. "పోసేది నేనే. ఎనిమిదేళ్ళుంటాయి నాకు. ఎత్తు సాలక పీట ఎక్కి పోసేవాణ్ణి." తర్వాత చాలా మెల్లగా, "మొన్న శుభ్రం అన్నది కూడా నేనే" అన్నారు.

ఇరవై ఏళ్ళుగా పక్కపక్కన కూర్చుని పాటలు పాడిన మనుషులు ఒకరినొకరు అప్పుడే చూస్తున్నట్టు చూసుకున్నారు. ఆ పీట సంగతి విన్నప్పుడు నాకు కలిగిన భయం ఇంతా అంతా కాదు. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి అందులో తప్పు కనిపించలేదు. పన్నెండేళ్ళ నాకూ కనిపించలేదు. ఆయనకూ నాకూ తేడా ఏమిటో ఎంత వెతికినా దొరకలేదు. అయ్యగారు కళ్ళు మూసుకుని, తెలియక చేసిన పాపాల కోసం ప్రార్థించారు. ఆమెన్ అన్నవాళ్ళలో నా గొంతే గట్టిగా వినిపించింది.

కొత్త గిన్నెలు వచ్చిన ఆదివారం వెళ్ళిపోయినవాళ్ళలో చాలామంది తిరిగి వచ్చారు. ఆ నెల పిల్లను ఒళ్ళోకి లాక్కున్న తల్లి కూడా వచ్చింది. సెక్రటరీ గారు తన కుర్చీ వదిలి వచ్చి తాతయ్య పక్కన కూర్చున్నారు. పళ్ళెం రాగానే ఒక గిన్నె తీసి ఇచ్చారు. రెండు ముసలి చేతులకు చాలనంత చిన్న గిన్నె. రసం కొంత తొణికి ఇద్దరి వేళ్ళ మీదా పడింది. ఇద్దరిలో ఎవరూ చెయ్యి తీసుకోలేదు. తాతయ్య తాగాడు. తర్వాత ఒక గిన్నె తీసి ఆయనకిచ్చాడు.

నేను ఆ తర్వాత డిజైనే చదువుకున్నాను. అదే నా బతుకుతెరువు అయింది. కాలేజీలో రూపాల చరిత్ర, వాటి సిద్ధాంతాలు చెబుతుంటే చాలామందికి పరీక్షల కోసం చదివే పాఠంగా ఉండేది. నాకు మాత్రం ప్రతి పేజీ ఎవరి పెరట్లోదో అనిపించేది. ఇప్పటికీ ఏదైనా గీయబోయే ముందు ప్రార్థన చేస్తాను, ఆ అలవాటు పోలేదు. గీత మరీ సులువుగా, మరీ అందంగా వచ్చేసిన రోజున మాత్రం పెన్సిలు పక్కన పెడతాను. అలాంటి వస్తువును వాడిన ముసలివాళ్ళు ఎవరున్నారో కనుక్కుని, వాళ్ళింటికి వెళ్ళి, నేల మీద కూర్చుని అడుగుతాను. వాళ్ళు నోరు విప్పేదాకా, ఆ శనివారం నీళ్ళు పట్టిన నా చేతులు చల్లగానే ఉంటాయి.